గాలివానకు బాధ్యులెవరు? ఆజ్ఞ, అంచనా, ఆశ్రయం: ఒక నైతిక పరిశీలన

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామం. వంశధార కడలిలో కలిసే కళింగపట్నానికీ, మహేంద్రతనయ కలిసే బారువకూ నడుమ ఉన్నది ఈ తీరం. ఇటీవలి చరిత్రలో ఇక్కడివారు ఎదుర్కొన్న మూడు తుపానులు ఒక నైతిక ప్రశ్నను స్పష్టంగా మన ముందుంచుతున్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను భావనపాడుకు ఉత్తరాన, పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో తరాలుగా పెంచుకున్న కొబ్బరి, జీడి తోటలు ఆ పూట నేలకూలాయి. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను దక్షిణాన, కళింగపట్నానికి ఉత్తరంగా సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో తీరం దాటింది. అదే ఏడాది డిసెంబరు మొదటి వారంలో జవాద్ తుపాను ఉత్తరాంధ్ర తీరాన్ని సమీపిస్తుందన్న హెచ్చరిక వెలువడింది. పడవలు ఒడ్డుకు చేరాయి. బడులు మూతపడ్డాయి. మూడు జిల్లాల్లో వేలాదిమంది పునరావాస కేంద్రాలకు తరలివెళ్లారు. అయితే జవాద్ సముద్రంలోనే బలహీనపడి, తుపానుగా ఈ ఒడ్డును తాకకుండానే ఉత్తరానికి మళ్లిపోయింది.

వచ్చిన తుపాను మిగిల్చే నష్టాన్ని లెక్కగట్టే పద్ధతులున్నాయి. అంచనా బృందాలు వస్తాయి, పరిహారాలు ప్రకటిస్తారు. రాని తుపాను వల్ల కూడా నష్టం ఉంటుంది. వేట మానుకున్న రోజులు, వదిలివెళ్లిన ఇల్లు, అమ్ముడుపోవడానికి చేపలే లేని గంప ఆ నష్టంలోని భాగాలు. ఈ నష్టానికి బాధ్యులెవరు? వాతావరణశాఖ హెచ్చరించడం తప్పా? మత్స్యకారుడు నమ్మడం తప్పా? ఇద్దరిదీ తప్పు కానప్పుడు ఆ మూల్యాన్ని ఎవరు భరించడం న్యాయం? మానవుడు గాలివానతో పెట్టుకున్న సంబంధాలను ఆజ్ఞ, అంచనా, ఆశ్రయం అనే మూడు దృష్టులుగా విభజించి, ఈ ప్రశ్నను పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

ఆజ్ఞ: ప్రవర్తనకు లోబడిన మేఘం

వాన రప్పించడమూ గాలివానను తప్పించడమూ ఒకే విశ్వాసానికి రెండు ముఖాలు. మేఘం మానవ ప్రవర్తనకు స్పందిస్తుందన్నదే ఆ విశ్వాసం. తెలుగునాట వానలు వెనుకబడితే విరాటపర్వం చదివించడం ప్రసిద్ధమైన ఆచారం. ఆ పర్వాన్నే ఎంచుకోవడానికి కథలోనే ఒక ఆధారం కనిపిస్తుంది. అజ్ఞాతవాసంలో ఉన్న పాండవులను వెదికించే సందర్భంలో, ధర్మరాజు ఉన్న దేశంలో వానలు సకాలంలో కురుస్తాయని, పాడిపంటలు సమృద్ధిగా ఉంటాయని భీష్ముడు గుర్తులు చెబుతాడు. అంటే వాన పాలకుడి ధర్మానికి సాక్ష్యం. ఋష్యశృంగుని కథలో ఇదే సూత్రం తలకిందులుగా పనిచేస్తుంది. అంగరాజైన రోమపాదుడు చేసిన తప్పిదం వల్ల దేశంలో అనావృష్టి ఏర్పడుతుంది. లోకపు కల్మషం సోకని మునికుమారుడు ఆ రాజ్యంలో అడుగుపెట్టగానే వాన కురుస్తుంది. తప్పు రాజుది, ఎండిన పొలాలు ప్రజలవి. ఈ వ్యత్యాసాన్ని కథ దాచలేదు.

జానపదుల ఆచారాల్లో రాజు స్థానాన్ని ఊరు ఆక్రమిస్తుంది. రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పే వేడుకలో ప్రతి ఇల్లాలూ దానిమీద నీళ్లు పోసి, తనకు తోచిన గింజలు పెడుతుంది. తీరగ్రామాల్లో గంగమ్మకు చెల్లించే మొక్కుల ఖర్చును ఊరంతా పంచుకుంటుంది. కప్పకూ మేఘానికీ కార్యకారణ సంబంధం లేదన్నది నిర్వివాదం. అయినా ఆ తంతులోని సామాజిక నిర్మాణం గమనింపదగినది. ఆపద అందరిదీ కనుక దాన్ని తప్పించే ప్రయత్నపు ఖర్చు కూడా అందరిదీ అయింది. వాన కురవకపోయినా పోసిన నీళ్లు ఒక్క ఇంటివి కావు, పెట్టిన గింజలు ఒక్కరి గాదెలోవి కావు. విఫలమైన ప్రయత్నపు భారం ఏ ఒక్కరి నెత్తినా పడలేదు.

ఆజ్ఞ వెంట వచ్చే నింద

ఆజ్ఞాదృష్టికి మరొక పార్శ్వం ఉంది. గాలివానను ఎవరో ఒకరు శాసించగలరని ఒప్పుకున్నాక, అది విరుచుకుపడినప్పుడు దోషిని వెదకడం అనివార్యమవుతుంది. షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ నాటకంలో ప్రాస్పెరో మంత్రశక్తితో తుపాను లేపుతాడు. మునుగుతున్న ఓడను చూసి అతని కుమార్తె చలించిపోయి, ఈ కల్లోలం తండ్రి పనే అయితే దాన్ని శాంతింపజేయమని వేడుకుంటుంది. శక్తి ఉన్నచోట జవాబుదారీ ఉంటుందన్న న్యాయాన్ని ఆమె సహజంగా గ్రహించింది. నాటకం కనుక ఓడలోనివారికి హాని జరగలేదు, ప్రాస్పెరో చివరకు తన విద్యను త్యజించాడు. చరిత్రలో అంత దయ లేదు. స్కాట్లండు రాజు ఆరవ జేమ్స్ 1590లో డెన్మార్కు నుంచి వధువుతో తిరిగివచ్చే సముద్రయానానికి తుపానులు ఆటంకమయ్యాయి. మంత్రగత్తెలే వాటిని లేపారన్న ఆరోపణపై నార్త్ బెరిక్ విచారణలు జరిగాయి. చిత్రహింసల కింద ఒప్పించి పలువురికి మరణశిక్ష వేశారు. గాలికి కర్త కావాలనుకున్న సమాజానికి బలహీనులైన స్త్రీలు దొరికారు.

మన తీరంలో ఈ ధోరణి మరింత మృదువైన రూపంలో కనిపిస్తుంది. విశాఖపట్నం ప్రాంతపు జాలారుల మధ్య పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త చార్లెస్ నకోల్స్ వారి విశ్వాసాల్లోని ఒక తర్కాన్ని వివరించాడు. వేట తగ్గినా, జబ్బు చేసినా అమ్మవారి ఆగ్రహమని భావిస్తారు. ఆ ఆగ్రహానికి మూలాన్ని రక్తసంబంధీకుల మధ్య కలతల్లో, నెరవేర్చని బాధ్యతల్లో వెదకుతారు. ఇక్కడ నింద ఒకరిని బలితీసుకోవడానికి బదులు చెదిరిన బంధుత్వాన్ని సరిచేసే సాధనమైంది. అయినా ఆపదకు బాధితుని నడతలోనే కారణం వెదికే సూత్రం మాత్రం మారలేదు.

ఆధునిక విజ్ఞానం ఆజ్ఞాదృష్టిని పూర్తిగా వదులుకోలేదు. 1947 అక్టోబరులో అమెరికా శాస్త్రవేత్తలు ‘సిర్రస్’ ప్రయోగంలో భాగంగా అట్లాంటిక్ తుపాను ఒకదానిలో ఘనీభవించిన బొగ్గుపులుసు వాయువును చల్లారు. ఆ తర్వాత తుపాను దిశ మార్చుకొని జార్జియా తీరంలోని సవానా సమీపాన్ని తాకింది. ప్రజలు ఆగ్రహించారు, దావాలు వేస్తామన్నారు. ఆ మలుపు ప్రయోగానికి ముందే మొదలైందని తర్వాతి పరిశీలనలు తేల్చినా అనుమానం తొలగలేదు. 1962 నుంచి 1983 వరకు సాగిన ‘స్టార్మ్‌ఫ్యూరీ’ పథకంలో జనావాసాలకు చేరే అవకాశం అతి తక్కువగా ఉన్న తుపానులనే ఎంచుకోవాలన్న నియమం పెట్టుకోవలసివచ్చింది. ఫలితం రుజువు కాక పథకం ముగిసింది. తుపానును తాకినవాడు దాని దారికి బాధ్యుడవుతాడన్న పాత న్యాయం ప్రయోగశాల దాకా వెంటాడింది.

అంచనా: నింద తొలగిన చోట మిగిలిన భారం

రెండవ దృష్టి అంచనా. ఇక్కడ మానవుడు గాలిని శాసించడు, గమనిస్తాడు. ఈ సంప్రదాయమూ మనకు కొత్త కాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భ లక్షణాలను వివరిస్తూ, మేఘం గర్భం దాల్చిన 195 రోజులకు వాన ప్రసవిస్తుందని చెప్పాడు. ఆ లెక్క నేటి శాస్త్రానికి నిలవదు. కానీ రాత్రింబవళ్లు ఏకాగ్రతతో గర్భలక్షణాలను పరిశీలించే దైవజ్ఞుని మాటే తప్పకుండా ఉంటుందన్న అతని నియమంలో ఒక వృత్తిధర్మం ఉంది. ముందుగా చెప్పేవాని బాధ్యత గాలి మీద అధికారంలో లేదు, గమనించడంలోని శ్రద్ధలో ఉంది.

తుపానుల శాస్త్రానికి బంగాళాఖాతం ముఖ్యమైన పాఠశాల. ‘సైక్లోన్’ అనే పేరును 19వ శతాబ్ది మధ్యలో సృష్టించిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో పనిచేసినవాడే. 1864లో అక్టోబరున కలకత్తాను, నవంబరున మచిలీపట్నాన్ని తుపానులు ముంచెత్తి వేలాదిమందిని బలిగొన్నాయి. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడింది. అయితే తెలుసుకోవడమూ, తెలిసినది ఒడ్డుకు చేరడమూ, చేరినది ఆచరణకు రావడమూ మూడు వేర్వేరు దశలు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది మరణించారు. 1999 అక్టోబరులో ఒడిశా పెను తుపానుకూ దాదాపు అంతమంది బలయ్యారు. అదే ఒడిశాలో 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం వద్ద తీరం దాటినప్పుడు లక్షలాదిమందిని ముందుగానే తరలించడం వల్ల మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. మంత్రం చేయలేని పనిని హెచ్చరిక చేసింది. ఈ విజయాన్ని తక్కువచేసే ఏ నైతిక చర్చా నిలవదు.

అయినా అంచనా స్వభావరీత్యా సంభావ్యతే. దాన్ని సత్యాసత్యాలతో కొలవడం వల్ల జరిగే అన్యాయానికి బ్రిటిష్ నావికాధికారి రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ జీవితం ఉదాహరణ. 1861లో ఆయన తుపాను హెచ్చరికలను, పత్రికల్లో వాతావరణ సూచనలను ప్రారంభించాడు. తప్పిన సూచనలకు విమర్శలు ఎదుర్కొన్నాడు. 1865లో ఆత్మహత్య చేసుకున్నాడు. మరుసటి ఏడాది హెచ్చరికలను నిలిపివేశారు. వాటి విలువ తెలిసిన సముద్రజీవులు కోరడంతో 1867లో తిరిగి ప్రారంభించారు. హెచ్చరిక తప్పవచ్చునని ఎరిగీ దాన్ని కోరుకున్నవారి వివేకం, తప్పినందుకు వెక్కిరించినవారి తర్కం కంటె లోతైనది.

మన ఓడరేవుల్లో ఎగురవేసే ప్రమాద సూచికల క్రమంలోనూ ఈ వివేకం ఉంది. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల పేర్లతో రేడియోలో వినిపించే ఒకటో నంబరు, మూడో నంబరు హెచ్చరికలు తీరవాసులకు చిరపరిచితం. పదో నంబరు మహాప్రమాదానికి గుర్తు. దాని తర్వాత పదకొండో నంబరు కూడా ఉంది. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, వాతావరణం విషమించే ప్రమాదం ఉందని స్థానికాధికారి భావిస్తున్నాడని దాని అర్థం. శాస్త్రం మాట అందని వేళ కూడా ఒడ్డున ఉన్న మనిషి ఆలోచించి నిర్ణయించవలసిందేనని ఆ సూచిక అంగీకరిస్తున్నది.

జవాద్ విషయంలో వాతావరణశాఖ తనకు తెలిసినంతలో శ్రద్ధగా హెచ్చరించింది. నిజం కాలేదన్న కారణంతో దాన్ని తప్పు హెచ్చరిక అనడం సరికాదు. సమస్య మరోచోట ఉంది. వేటకు వెళ్లరాదన్న ఆదేశంతో ఒడ్డున కూర్చున్న రోజుకు మత్స్యకారునికి వాటా లేదు. పడవ యజమాని తెచ్చిన అప్పుకు వడ్డీ ఆగదు. చేపలు అమ్ముకొనే స్త్రీకి ఆనాటి బేరం లేదు. అదే హెచ్చరిక ఇచ్చినవారికి, దాన్ని అమలుపరచినవారికి, దూరాన కూర్చొని విన్నవారికి ఆ రోజు ఆదాయం తగ్గలేదు. కప్పమీద నీళ్లు పోసిన ఊరిలో విఫలప్రయత్నపు ఖర్చు అందరిదీ కాగా, శాస్త్రం హెచ్చరించిన తీరంలో రాని తుపాను ఖర్చు ఆ ఒడ్డున బతికేవారి ఒక్కరిదే అవుతున్నది.

అంతేకాదు, అంచనా రాకతో తొలగిందనుకున్న నింద వేరొక ద్వారం గుండా ప్రవేశిస్తుంది. తుపానుకు మంత్రగత్తె కారణం అనేవారు నేడు లేరు. కానీ హెచ్చరించినా వినలేదన్న మాట ప్రతి దుర్ఘటన తర్వాతా వినిపిస్తుంది. గత హెచ్చరికలో పోగొట్టుకున్న రోజుల అప్పు తీరక, ఈసారి సాహసించి పడవ వేసుకొని వెళ్లినవాని మరణానికి నిర్లక్ష్యమని పేరు పెట్టడం సులువు. అతడు నిర్లక్ష్యంతో వెళ్లలేదు, లెక్కవేసుకొనే వెళ్లాడు. రాకపోవచ్చునన్న తుపానునూ తప్పకుండా వచ్చే ఆకలినీ తూచి చూసుకున్నాడు. అలా తూచవలసిన స్థితికి అతణ్ణి నెట్టిన సమాజానికి అతణ్ణి నిందించే అర్హత పరిమితం.

ఆశ్రయం: గోవర్ధన న్యాయం

భాగవతంలోని గోవర్ధనోద్ధరణ ఘట్టం మూడవ దృష్టికి ఆధారం. తెలుగువారికి పోతన ద్వారా సుపరిచితమైన ఈ కథను సాధారణంగా ఇంద్రగర్వభంగంగా వ్యాఖ్యానిస్తారు. వాతావరణ దృష్టితో చూస్తే అందులో మూడు అంశాలు ప్రత్యేకంగా కనిపిస్తాయి. మొదటిది, మేఘాలు గుణప్రేరితమై స్వభావానుసారంగా వర్షిస్తాయని, ఇందులో మహేంద్రుడు చేసేదేముందని కృష్ణుడు నందునితో వాదించడం. వానకు దాత అవసరం లేదన్న ఈ వాదం ఆజ్ఞాదృష్టిని లోపలినుంచే ప్రశ్నిస్తుంది. రెండవది, ఇంద్రునికి సిద్ధపరచిన పదార్థాలను గోవులకు, బ్రాహ్మణులకు, గిరికి సమర్పించడంతోపాటు కుక్కలకూ చండాలురకూ పతితులకూ యథార్హంగా పెట్టమని వ్యాసభాగవతంలో కృష్ణుడు చెప్పడం. మూడవది అన్నిటికంటె ముఖ్యం. ఇంద్రుడు రాళ్లవాన కురిపించినప్పుడు కృష్ణుడు ఆ వానను వెంటనే ఆపడు. కొండనెత్తి గొడుగుగా పట్టి, ఏడు రోజులు గోపగోపికలనూ ఆలమందలనూ దాని నీడన నిలుపుతాడు. ఆపే శక్తి ఉన్నవాడు కూడా ఆశ్రయాన్నే ఎంచుకున్నాడన్నది ఈ కథలోని నైతిక సారం.

ఆ కొండ కిందికి పశువులు కూడా వచ్చాయన్నది చిన్న వివరం కాదు. తీరగ్రామాల్లో తుపాను రక్షణ కేంద్రానికి రమ్మంటే కొందరు వెనుకాడడానికి వలలు, పడవలు, పశువులు, తాళంలేని గుడిసె కారణాలు. మనిషి ప్రాణాన్ని మాత్రమే కాపాడి, అతని జీవికను వానకు వదిలిపెట్టేది సంపూర్ణమైన ఆశ్రయం కాదు. గోకులం గోవులతో సహా బతికింది కనుకనే ఎనిమిదో రోజున గోకులంగా మిగిలింది.

ఆధునిక కథాసాహిత్యంలో పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ ఇదే సూత్రాన్ని ఏ దేవుడూ లేకుండా చూపింది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన ఈ కథలో, సూత్రాల చట్రంలో జీవితాన్ని బిగించుకున్న రావుగారు గాలివాన రాత్రి ఒక బిచ్చగత్తె శరీరపు వెచ్చదనంతో, ఆమె ధైర్యంతో బతుకుతారు. తెల్లవారేసరికి ఆమె మరణించి ఉంటుంది. గాలివాన ఎందుకు వచ్చిందన్న ప్రశ్నను కథ పట్టించుకోదు. ఆ రాత్రి ఎవరు ఎవరిని బతికించారన్నదే దానికి ముఖ్యం. బతికించినామె బతకకపోవడం పాఠకునికి మిగిలే రుణం.

ఆక్షేపణలు, సమాధానాలు

హెచ్చరిక మూల్యాన్ని సమాజం పంచుకోవాలన్న ప్రతిపాదనకు కొన్ని ఆక్షేపణలు రావచ్చు. పాత ఆచారాలలోని పంపకం నిజంగా సమానమా అన్నది మొదటిది. సమానం కాదు. ఊరి తంతుల్లో శ్రమ, అవమానం కింది కులాల పాలు, గౌరవం పైవారి పాలు కావడం చరిత్ర. కనుక ఆ తంతులను తిరిగి తేవాలనడం ఈ వాదం లక్ష్యం కాదు. ఉమ్మడి ఆపదకు ఉమ్మడి ఖర్చు అన్న సూత్రాన్ని ఆ అసమానత నుంచి వేరుచేసి గ్రహించడమే అవసరం.

పని చేయని రోజుకు డబ్బు ఇవ్వడం సోమరితనానికి దారితీస్తుందన్నది రెండవది. దీనికి సమాధానం ఇదే తీరంలో ఆచరణలో ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేటను నిషేధిస్తారు. ఆ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకారులకు భృతి ఇస్తున్నది. 2025లో ఆ మొత్తాన్ని 20,000 రూపాయలకు పెంచింది. చేపల సంతతి నిలవడం అందరి ప్రయోజనం కనుక వేట మానినవాని నష్టాన్ని అందరూ పంచుకోవడం న్యాయమని ఈ విధానం ఒప్పుకున్నది. చేప ప్రాణానికి అంగీకరించిన న్యాయాన్ని మనిషి ప్రాణాన్ని కాపాడే హెచ్చరిక రోజులకు విస్తరించడంలో తర్కవిరుద్ధమేమీ లేదు.

తుపాను ప్రకృతి చర్య కనుక దాని ఖర్చుకు సమాజానికి బాధ్యత లేదన్నది మూడవది. వాతావరణ మార్పులు ఈ వాదాన్ని బలహీనపరచాయి. గత నాలుగు దశాబ్దాల్లో ప్రపంచపు తుపానుల్లో తీవ్రమైన వాటి నిష్పత్తి పెరిగి ఉండే అవకాశం అధికమని వాతావరణ మార్పులపై అంతర్‌ప్రభుత్వ సంఘం 2021 నివేదికలో పేర్కొన్నది. భూతాపానికి మానవచర్యలే కారణమని అదే నివేదిక నిస్సందేహంగా తేల్చింది. ఏ ఒక్క తుపానునూ ఏ ఒక్కరి ఖాతాలోనూ వేయలేం. అయినా మానవ ప్రవర్తన మేఘాన్ని ప్రభావితం చేస్తుందన్న పాత ఊహ, మంత్రాన్ని వదిలి కొలతల రూపంలో తిరిగివచ్చింది. రోమపాదుని కథలోని వ్యత్యాసమూ దానితోపాటే వచ్చింది. పొగ వదిలినవారు ఒకరు, పడవ పోగొట్టుకున్నవారు మరొకరు.

ముగింపు

గాలిని శాసించగలమన్న విశ్వాసం ఖర్చును పంచింది, కానీ నిందితులను కూడా సృష్టించింది. శాస్త్రీయమైన అంచనా గాలికి కర్తలేడని చెప్పి ఎన్నో ప్రాణాలు నిలిపింది, కానీ జాగ్రత్త ఖర్చును ఒడ్డునున్నవారికే వదిలింది. ఆశ్రయమనే మూడవ దృష్టి ఈ రెంటిలోని మేలును కలుపుకోగలదు. అందులో జ్ఞానం శాస్త్రానిది, భారం సమాజానిది. గాలివానకు బాధ్యులెవరన్న ప్రశ్నకు పూర్తి సమాధానం దొరకకపోవచ్చు. గాలివాన హెచ్చరికకు బాధ్యులెవరన్న ప్రశ్నకు మాత్రం సమాధానం ఉంది. దాని వల్ల మేలు పొందే సమాజమంతా దానికి బాధ్యులే. హెచ్చరికను నమ్మి భావనపాడు మత్స్యకారుడు పడవను ఒడ్డుకు లాగిన రోజున, తుపాను వచ్చినా రాకపోయినా, ఆ ఇంటి పొయ్యి వెలగాలి. అది జరిగినప్పుడే తర్వాతి హెచ్చరికను కూడా నమ్మమని అతణ్ణి అడిగే హక్కు సమాజానికి ఉంటుంది.